ఇప్ప పూయలే సాబ్!

2024 డిసెంబర్ రెండో వారం. రాత్రి ఏడున్నరకి మా టీమ్ స్టాండప్ కాల్ మొదలైంది. పెన్సిల్వేనియాలో ఉండే మా టీమ్ లీడ్ సెలవు అయిపోయి ఆ రోజే జాయిన్ అయ్యాడు. ఏటా థ్యాంక్స్ గివింగ్ అవ్వగానే ఆయన వారం రోజులు మాయమైపోతాడు. మెయిల్‌కి జవాబుండదు, పింగ్ చేస్తే పలకడు. జింకల వేటకి కొండల్లోకి వెళ్లిపోతాడు. వాళ్ల రాష్ట్రంలో అదో పండగలాంటిదట. తుపాకీతో వేట సీజన్ మొదలయ్యే రోజుల్లో చాలా ఊళ్లలో స్కూళ్లకి కూడా సెలవిస్తారట.

"ఈసారి ఏమైనా దొరికిందా?" మర్యాద కోసం అడిగాను.

"ఏమీ లేదు. ఒక్క జింక కూడా కనపడలేదు. మా కొండ మీద ఈ ఏడాది ఏకార్న్స్ విరగకాశాయి" అన్నాడు.

నాకు లాజిక్ అందలేదు. జింకలు తినే కాయలు బాగా కాస్తే జింకలు ఎక్కువ కనపడాలి కదా? ఈయనేంటి, రివర్స్‌లో చెప్తున్నాడు? కాల్‌లో మిగతావాళ్లు టికెట్ల గురించి మాట్లాడుకుంటున్నారు. నేను మాత్రం మ్యూట్‌లో పెట్టుకుని ఏకార్న్స్ గురించి వెతుకుతున్నాను. శాలిబండలో పాత ఇంటి మేడ మీద కూర్చుని, కింద రోడ్డు మీద ఆటోల హారన్లు వింటూ, అమెరికా అడవిలో రాలిన కాయల గురించి చదవడం నాకే నవ్వొచ్చింది.

ఏకార్న్ అంటే ఓక్ చెట్టు కాయ. 'ఐస్ ఏజ్' సినిమాల్లో ఆ పిచ్చి ఉడుత ప్రాణం పోయినా వదలకుండా వెంటపడేది దీని కోసమే. ఓక్ చెట్లు ప్రతి ఏడాదీ ఒకేలా కాయవు. కొన్నేళ్లకోసారి ఆ ప్రాంతంలో చెట్లన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి విరగకాస్తాయి. మిగతా ఏళ్లలో అంతంత మాత్రమే. ఇలా ఎందుకని శాస్త్రవేత్తలు చెప్పే కారణాల్లో ఒకటి నాకు భలే నచ్చింది. ఏటా ఒకే మోతాదులో కాస్తే ఉడుతలు, ఎలుకలు, జింకలు గింజ మిగలకుండా తినేస్తాయి. అదే కొన్నేళ్లు పస్తులుంచి, ఒక ఏడాది కుప్పలుగా రాలిస్తే తినేవాళ్లు తినలేక వదిలేస్తారు. అప్పుడు కొన్ని గింజలైనా మొలకెత్తుతాయి.

ఇక వేట సంగతి. కాయలు కొండంతా రాలి ఉంటే జింకకి తిండి కోసం తిరగాల్సిన పనే లేదు. పడుకున్న చోటికి నాలుగడుగుల దూరంలోనే భోజనం. పొలాల వైపు రాదు, బాటలు దాటదు, వెలుతుర్లో బయటపడదు. వేటగాడు చెట్టెక్కి చలికి వణుకుతూ కూర్చోవాల్సిందే. కాయలు సరిగా కాయని ఏడాదైతే జింక ఆకలితో తిరుగుతుంది. కాసిన ఒకటో రెండో చెట్ల కిందికే వస్తుంది. పొలాల్లోకి దిగుతుంది. దొరికిపోతుంది. అందుకే అక్కడ కొన్ని రాష్ట్రాల వన్యప్రాణి శాఖలు వేట సీజన్‌కి ముందే అడవిలో ఏ కాయ ఎంత కాసిందో సర్వే చేసి రిపోర్టు ఇస్తాయి. మన దగ్గర వాతావరణ శాఖ వానల గురించి చెప్పినట్టన్నమాట.

ఆ రాత్రి అన్నం తింటూ ఈ ముచ్చట తాతకి చెప్పాను. నేను తెలుసుకున్న కొత్త సంగతి కదా, ఆశ్చర్యపోతాడనుకున్నాను. తాత ముద్ద కలుపుతూనే, "గా అమెరికాయన నిజమే చెప్పిండు బిడ్డా. మనకాడ గూడ గంతే. గా కాయ పేరు నాకు ఎర్కలేదు గనీ, మనకు ఇప్ప ఉన్నది" అన్నాడు.

మా తాతకి ఇప్పుడు ఎనభై నాలుగు. ఆయన వేటలకి తిరిగాడని ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఆయన ఎప్పుడూ దాని గురించి పెద్దగా మాట్లాడడు. నాకు తెలిసిందల్లా ఇంతే. పదహారేళ్ల వయసులో పురానీ హవేలీ వైపు ఒక దేవిడీలో జీపు కడిగే పనికి కుదిరాడు. 1949లోనే జాగీర్లు రద్దయ్యాయి. అయినా ఆ సాబ్‌కి రెండు తుపాకులు, ఒక పాత జీపు, తరగని షికార్ పిచ్చి మిగిలాయి. ఎండాకాలం వస్తే చాలు, జీపు శ్రీశైలం రోడ్డు పట్టేది. మా తాత వెనక సీట్లో నీళ్ల డబ్బాలు, సెర్చ్ లైట్ పట్టుకుని కూర్చునేవాడు.

ఈ షికార్ పిచ్చి ఆ సాబ్ ఒక్కడిదే కాదు. హైదరాబాద్‌కే పట్టిన పిచ్చి అది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులుల వేటకి పేరు మోశాడు. ఆయన ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ తీసిన షికార్ క్యాంపుల ఫొటోలు మీరూ చూసే ఉంటారు. చచ్చిన పులి వెనక నిలబడిన వైస్రాయ్ కర్జన్ దంపతుల ఫొటో కూడా 1902లో వాళ్లు మన వైపు వచ్చినప్పటిదే. మనం వీకెండ్‌లో పిల్లల్ని తీసుకెళ్లే వనస్థలిపురం హరిణ వనస్థలి కూడా ఒకప్పుడు నిజాం వేట మైదానమే. కృష్ణ జింకల్ని కాపాడటానికి 1975లో దాన్ని అభయారణ్యం చేశారు. ఒకప్పుడు తుపాకీ చూసి పరిగెత్తిన జింకల సంతతి ఇవాళ విజయవాడ హైవే పక్కన కంచె లోపల గడ్డి మేస్తోంది.

సరే, తాత ఇప్ప పాఠానికి వద్దాం. ఆ రాత్రి మొదలైన పాఠం చాలా రాత్రులు సాగింది. ఆయన చెప్పినదాన్ని, నేను తర్వాత చదివి తెలుసుకున్నదాన్ని కలిపి రాస్తున్నాను.

ఫిబ్రవరి చివరికి మన అడవుల్లో చాలా చెట్లు ఆకు రాల్చేస్తాయి. గడ్డి ఎండి గరగరలాడుతుంది. వాగులు మడుగులై, మడుగులు బురదవుతాయి. దుప్పికి ఏడాదిలో అదే గడ్డుకాలం. సరిగ్గా అప్పుడే ఇప్ప పూస్తుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో మోడులా ఉన్న కొమ్మల చివర గుత్తులు గుత్తులుగా మొగ్గలొస్తాయి. మీగడ రంగులో, చిన్న ద్రాక్షపండంత, లోపల తేనె నింపినట్టుండే పువ్వు. తెల్లవారుజామున టపటపా రాలుతుంది. కోయక్కర్లేదు, చెట్టెక్కక్కర్లేదు. నేల మీదే విస్తరి వేసినట్టుంటుంది.

"గా వాసన ఎట్లుంటదంటే, ఫర్లాంగు దూరం నుంచే తెలుస్తది. దుప్పికి ఇంక జల్ది తెలుస్తది. తలకాయ కిందికి ఏసి తింటనే ఉంటది. గప్పుడు దానికి లోకం మీద సోయి ఉండదు" అన్నాడు తాత.

దుప్పి, కణితి, కొండముచ్చు, ఎలుగుబంటి అన్నిటికీ ఇప్ప ఇష్టమే. చీకటితోనే పూలు ఏరడానికి వెళ్లిన మనుషులకీ ఎలుగుబంటికీ ఒకే చెట్టు కింద ఎదురుపడటం ఇప్పటికీ జరిగేదే. ఒక్క ఇప్ప మాత్రమే కాదు, అడవికి ఒక క్యాలెండర్ ఉంది. మోదుగ, బూరుగ పూలు రాలే రోజులు, ఇప్ప పూలు, తర్వాత తునికి పండ్లు, తొలకరికి నేరేడు, చలికాలంలో ఉసిరి. కొండముచ్చులు పైనుంచి సగం తిని సగం పారేస్తుంటే కింద దుప్పులు ఏరుకుని తింటాయి. పులి వాసన తగిలితే పైనుంచి కొండముచ్చు అరుస్తుంది, కింద దుప్పి పారిపోతుంది. మధ్యప్రదేశ్‌లోని కాన్హా అడవిలో పరిశోధకులు ఈ దోస్తీని జాగ్రత్తగా గమనించి రికార్డు చేశారు. తాతకి మాత్రం ఏ పేపరూ చదవకుండానే ఇదంతా తెలుసు. ఏ నెలలో ఏ చెట్టు కింద ఏముంటుందో తెలిస్తే సగం షికార్ అయిపోయినట్టే అంటాడు.

"మరి ఇప్ప బాగా పూస్తే మీకు మస్తు జింకలు దొరికేవా?" అడిగాను.

తాత నా వైపు జాలిగా చూశాడు. "అన్ని చెట్లు పూస్తే నువ్వు ఏ చెట్టు కింద కూసుంటవ్‌రా? మంచె ఈడ కడితే దుప్పి ఆడ తింటది. ఇప్ప ఇరగబూసిన ఏడు మేం ఉత్త చేతులతోనే మళ్లినం. ఇప్ప పూయని ఏడే మాకు పండుగ. అడవి మొత్తంల ఒక్క చెట్టో రెండు చెట్లో పూస్తయి. ఉన్న దుప్పులన్ని ఆడికే రావాలె. యాడికి పోతయి?"

నాకు టక్కున వెలిగింది. మా భాషలో చెప్పాలంటే లోడ్ బ్యాలెన్సింగ్. వంద సర్వర్లు పని చేస్తున్నప్పుడు ట్రాఫిక్ అంతా చెదిరి ఉంటుంది, ఏ ఒక్కదాన్ని చూసినా పెద్దగా రద్దీ కనపడదు. తొంభై తొమ్మిది పడిపోతే లోకమంతా ఆ ఒక్కదాని మీదే పడుతుంది. పెన్సిల్వేనియా ఓక్‌కీ నల్లమల ఇప్పకీ మధ్య సముద్రాలున్నాయి. ఒకటి చలికి ముందు రాలేది, ఒకటి ఎండల్లో రాలేది. సూత్రం మాత్రం ఒకటే. వేటగాడికి మంచి సీజన్ అంటే జింకకి చెడ్డ ఏడాది.

అంటే వేటగాడు వేసే ఎర నిజానికి పువ్వు కాదు, కాయ కాదు. ఆకలి. ఈ మాట నాకు ఆ రాత్రి నిద్రపట్టనివ్వలేదు.

ఇది ఇక్కడితో అయిపోయేదే. కానీ ఫిబ్రవరిలో మా ఇంటి ముందు గది ఖాళీ చేయాల్సి వచ్చింది. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా మెట్రో వస్తోంది కదా. దానికోసం రోడ్డు వెడల్పు చేస్తున్నారు. మా వైపు చాలా ఇళ్ల ముందు భాగాలు పోతున్నాయి. మా ముందు గదిలో యాభై అరవై ఏళ్ల సామాను ఉంది. నానమ్మ ఇత్తడి గంగాళం, నాన్న పెళ్లి నాటి బీరువా, ఆగిపోయిన గడియారం. వాటితోపాటు గోడ మీద తలుపు నెత్తిన ఒక జత దుప్పి కొమ్ములు.

పుట్టినప్పటి నుంచి వాటిని చూస్తున్నాను. చిన్నప్పుడు స్కూల్ బ్యాగు వాటికి తగిలించబోయి తన్నులు తిన్నాను. అంతకు మించి వాటి గురించి ఆలోచించలేదు. దుమ్ము దులిపి కిందికి దించి, నున్నగా మెరుస్తుంటే ఫొటో తీసి ఇన్‌స్టా స్టోరీలో పెట్టాను. అరగంటలో మా చిన్నమ్మ కొడుకు ఫోన్. "అన్నా, నాకు తెలిసిన ఇంటీరియర్ డిజైనర్ ఉన్నాడు. ఇలాంటి యాంటిక్స్‌కి మంచి రేటిస్తాడు. అడగమంటావా?"

నిజం చెప్తున్నా, ఒక్క నిమిషం ఆలోచించాను. కొత్తగా గోడ కట్టుకోవడానికి డబ్బులు కావాలి. అంతలో నా కాలేజ్ ఫ్రెండ్ మెసేజ్ పెట్టాడు. "ముందు ఆ స్టోరీ తీసెయ్. అవి అమ్మినా కొన్నా కేసు."

తీసేసి, కూర్చుని చదివాను. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. మొదట్లో కొన్ని జంతువులకి లైసెన్సు మీద వేట ఉండేది. 1991 సవరణతో ఆ తలుపు కూడా మూసేశారు. ఇప్పుడు సరదా కోసం వేట అన్నదే లేదు. కొమ్ములు, తోళ్లు, గోళ్లు అమ్మడం, కొనడం నేరం. మనం యాంటిక్ అనుకునేది చట్టం దృష్టిలో ఒక జంతువు శరీరంలో భాగం. పైగా జింక మన తెలంగాణ రాష్ట్ర జంతువు. జమ్మి, తంగేడు, పాలపిట్టతో పాటు 2014లో ప్రకటించారు. స్కూల్లో పిల్లలు బొమ్మ గీసే జంతువు కొమ్ములకి నేను రేటు ఆలోచిస్తున్నాను!

ఆ సాయంత్రం కొమ్ముల్ని గుడ్డలో చుట్టి తాత మంచం దగ్గర పెట్టాను. "తాతా, ఇవి ఎక్కడివి?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు.

అది 1962 ఎండాకాలమో, 63 ఎండాకాలమో. పూత సమయంలో మబ్బు పట్టి, అకాల వానలు కొట్టాయి. మొగ్గలు మాడి రాలిపోయాయి. సాబ్ జీపు మన్ననూరు దాటి అడవిలోకి వెళ్లింది. వాళ్లకి ఎప్పుడూ దారి చూపేది ఒక చెంచు పెద్దాయన. ఆ ఏడాది ఎక్కడా ఇప్ప లేదు. ఒక లోయ మలుపులో ఒకే ఒక్క చెట్టు నిండుగా పూసింది. పెద్దాయన చూపించాడు. సాబ్ ఇస్తానన్న పైసల కోసం చూపించాడు. మంచె కట్టారు.

"అర్ధరాత్రి దాటినంక ఒక్కటొక్కటే వచ్చినయి. నేను లైట్ ఏసిన. సాబ్ కొట్టిండు. పెద్ద మగ దుప్పి, పూల మీదనే పడ్డది."

తాత ఆగాడు. "నేను చెప్పేది దుప్పి గురించి కాదురా. తెల్లారినంక గా పెద్దాయన పెండ్లాం గంప పట్టుకొని వచ్చింది. ఎంట ఇద్దరు చిన్న పిల్లలు. గా ఏడు ఆమెకు గూడ అదొక్కటే చెట్టు. ఏరుకపోయి ఎండబెట్టుకుంటే వానలు పడేదాంక తింటరు. ఆమె వచ్చి చూసింది. చెట్టు కింద పూలన్ని నెత్తురు. మేం తొక్కిన బూట్ల గుర్తులు. ఏం అనలే. గంప ఎట్ల తెచ్చిందో అట్లనే పట్టుకొని మళ్లిపోయింది."

నేను ఎప్పుడూ జింక వైపు నుంచో, వేటగాడి వైపు నుంచో ఆలోచించాను. ఆ చెట్టు కోసం ఎదురుచూసే మూడో మనిషి ఉంటుందన్న సంగతే తట్టలేదు. ఇప్ప పువ్వు మనకి సారా అనగానే గుర్తొస్తుంది. చెంచులకి, గోండులకి అది మొదట తిండి. 1940 ప్రాంతంలో అమ్రాబాద్ గుట్టల్లో చెంచులతో ఉండి హైమెన్‌డార్ఫ్ రాసిన పుస్తకం 1943లో వచ్చింది. అప్పటికి వాళ్లు ప్రధానంగా అడవి దుంపలు, పండ్లు, పూల మీద ఆధారపడి బతుకుతున్నవాళ్లు. ఇప్పటికీ గిరిజన కుటుంబాలు ఇప్పపూలు ఏరి అమ్ముకుంటాయి. ఉట్నూరు వైపు ఆదివాసీ మహిళలు చేసే ఇప్పపువ్వు లడ్డూలు ఇప్పుడు హైదరాబాద్‌లో కూడా పేరు తెచ్చుకున్నాయి. దుప్పికి ఏ నెల గడ్డుకాలమో, ఆ మనుషులకీ అదే నెల గడ్డుకాలం. ఇద్దరినీ ఆదుకునేది అదే చెట్టు.

"మళ్ల ఏడు గూడ పోయినం" అన్నాడు తాత. "జీపు ఆపంగనే సాబ్ అడిగిండు, ఇప్ప ఎట్లుంది అని. పెద్దాయన సక్కగ సాబ్ మొఖం చూసి, 'ఇప్ప పూయలే సాబ్. యాడ పూయలే' అన్నడు. గనీ నాకు వాసన వస్తున్నది బిడ్డా! గాలి అటు నుంచే వస్తున్నది. గుప్పుమని వస్తున్నది. సాబ్‌కు సిగరెట్ అలవాటు, ఆయనకు తెల్వలే. పెద్దాయన నా దిక్కు చూసిండు. నేను సప్పుడు చేయలే. జీపు మళ్లించినం."

"తర్వాత?"

"తర్వాత ఏముంది. గా ఏడు నేను గూడ పని ఇడిసిపెట్టిన. మీర్ ఆలం మండిల కూరగాయల బండి పెట్టుకున్న. లెక్క సరి చేసెటప్పుడు సాబ్ పైసలు తక్కువుండె, గీ కొమ్ములు ఇచ్చిండు. పారెయ్య మనసు రాలె. చూడ మనసు రాలె. గోడకెక్కిచ్చిన."

నేను పనిచేసే రంగంలో డేటానే బంగారం అంటారు. ఎవరి దగ్గర ఎక్కువ సమాచారం ఉంటే వాళ్లదే రాజ్యం. ఆ పెద్దాయన దగ్గర ఉన్నదీ డేటానే. ఏ చెట్టు పూసింది, ఏ మడుగులో నీళ్లున్నాయి, దుప్పి ఏ వేళకి వస్తుంది. ఒక ఏడాది దాన్ని పైసలకి ఇచ్చాడు. మరుసటి ఏడాది ఇవ్వకూడదనుకున్నాడు. అంతే. చట్టం రావడానికి ఇంకా ఎనిమిది, తొమ్మిదేళ్లు ఉండగానే ఒక లోయలో ఒక ఎండాకాలం పాటు వేట బంద్ అయింది, మూడు మాటలతో.

ఏప్రిల్‌లో ఒక శనివారం తాతని కారెక్కించాను. మా ఇంటి ముందు రోడ్డే చాంద్రాయణగుట్ట మీదుగా శ్రీశైలం దారికి కలుస్తుంది. అరవై ఏళ్ల కింద జీపు పోయిన దారే. కడ్తాల్, కల్వకుర్తి, డిండి దాటి మన్ననూరు చేరాం. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా అడవి గేటు మూసేస్తారు. మేం గేటు తీసే వేళకి అక్కడున్నాం. ఇప్పుడది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. 2,600 చదరపు కిలోమీటర్లకి పైనే అడవి. సఫారీ బండిలో ఫర్హాబాద్ వైపు తీసుకెళ్లారు. అక్కడ నిజాం కాలం నాటి షికార్ బంగ్లా శిథిలాలు ఇంకా ఉన్నాయి.

మా బండిలో గైడ్ ఒక చెంచు కుర్రాడు. నాకన్నా చిన్నవాడే. ఇప్పుడు ఇక్కడ చాలామంది చెంచు యువకులు గైడ్లుగా, వాచర్లుగా, బేస్ క్యాంపుల్లో పనిచేస్తున్నారు. చెట్లకి కెమెరా ట్రాప్‌లు, ఎండాకాలం జంతువుల కోసం నీళ్లు నింపే సాసర్ పిట్లు చూపించాడు. సిబ్బంది ఫోన్లలో ఎంస్ట్రైప్స్ యాప్ ఉంటుందని, ఏ రోజు ఎంత దూరం నడిచారో, ఏ జంతువు ఆనవాళ్లు చూశారో అందులో ఎక్కిస్తారని చెప్పాడు. నేను ఆఫీసులో చూసే డ్యాష్‌బోర్డులు గుర్తొచ్చాయి. అన్నీ బాగున్నాయని కాదు. ఉచ్చులు, కరెంటు తీగలు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇప్ప చెట్టు కింద పూలు కనపడాలని ఆకులకి పెట్టిన నిప్పు పాకి అడవి కాలడమూ ఇంకా ఉంది. ఆకలికి ఒక చోట చేరిన జంతువుని పట్టుకోవడం ఎంత సులువో తెలిసినవాళ్లు అరవై ఏళ్ల కిందే కాదు, ఇప్పుడూ ఉన్నారు.

ఒక చోట బండి నెమ్మదించింది. తాత కిటికీలోంచి తల బయటపెట్టి గాలి పీల్చాడు. ఆయన మొహంలో మార్పు నాకు కనపడింది. నాకు ఏ వాసనా తెలియలేదు. తాత ముందు సీటు వైపు వంగి గైడ్‌ని అడిగాడు. "బిడ్డా, ఈ ఏడు ఇప్ప పూసిందా?"

ఆ కుర్రాడు వెనక్కి తిరిగి మమ్మల్ని ఒకసారి ఎగాదిగా చూశాడు. నా చేతిలో ఫోన్ చూశాడు. "ఏదో, ఎక్కడో కొంచెం తాతా. అంత ఏం లేదు" అన్నాడు.

తాత గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు మా ఇంట్లో నానమ్మ పోయాక నేను వినలేదు. ఆ కుర్రాడికి ఎందుకు నవ్వుతున్నాడో అర్థంకాక బిత్తరపోయాడు. తాత చెయ్యి చాపి అతని భుజం తట్టాడు. "మంచిది బిడ్డా. గట్లనే చెప్పు. ఎవ్వరడిగినా గట్లనే చెప్పు."

కాస్త దూరం పోయాక ఐదారు దుప్పులు రోడ్డు దాటాయి. వాటిలో ఒకదానికి పెద్ద కొమ్ములు. మా వైపు చూసి, తోక ఎగరేసి, చెట్లలోకి వెళ్లిపోయింది. ఫొటో తీశాను. ఎక్కడ తీశానో రాయలేదు, లొకేషన్ ఆఫ్ చేశాను. అడవికి వెళ్లే మీ అందరికీ నేను చెప్పేది కూడా ఇదే. పూసిన చెట్టు, నీళ్లున్న మడుగు, జింకల మంద... వీటి లొకేషన్ ట్యాగ్ చేయకండి. అప్పుడు ఆ సమాచారం సాబ్‌కి చేరాలంటే ఒక పెద్దాయన నోరు తెరవాల్సి వచ్చేది. ఇప్పుడు మన ఫోన్ మనల్ని అడక్కుండానే చెప్పేస్తుంది.

మరుసటి వారం తెలిసిన లాయర్‌ని అడిగి, కొమ్ముల్ని అటవీశాఖ ఆఫీసుకి తీసుకెళ్లాం. నాన్న భయపడ్డాడు, అనవసరంగా కేసవుతుందేమోనని. తాత వినలేదు. ఆయన చదువంతా ఉర్దూ మీడియం, తెలుగు రాయడం రాదు. ఆయన చెప్తుంటే నేను కాగితం మీద రాశాను. ఏ ప్రాంతం, ఏ కాలం, ఎవరు కొట్టారు, ఎలా మా ఇంటికొచ్చాయి అన్నీ చెప్పాడు. చివర్లో ఒక వాక్యం రాయమన్నాడు. 'ఆ సంవత్సరం ఇప్ప పూయలేదు' అని. అక్కడి అధికారి చదివి, ఇదెందుకు అని అడిగాడు. "రాయనీ సార్. అసలు సంగతి అదే" అన్నాడు తాత.

మా ముందు గది ఇప్పుడు లేదు. కొత్త గోడ లేచింది. దాని మీద ఇంకా ఏమీ తగిలించలేదు.

మొన్న మా టీమ్ లీడ్ మళ్లీ సెలవు గురించి మెయిల్ పెట్టాడు. ఈ ఏడాది వాళ్ల కొండ మీద ఓక్ చెట్లు సరిగా కాయలేదట, ఈసారి తప్పకుండా దొరుకుతుందని ఉత్సాహంగా రాశాడు. ఆయన దేశంలో లైసెన్సు ఉంటే అది నేరం కాదు. తప్పుపట్టడానికి నేనెవర్ని? శుభాకాంక్షలు చెప్పాను.

మెయిల్ సంగతి తాతకి చెప్తే కాసేపు ఆలోచించి, "కాయ కాయలేదంటనా? పాపం" అన్నాడు.

ఎవరిని పాపం అన్నాడో నేను అడగలేదు.